ఇరవై మూడు ప్రశ్నలు: బెజవాడ నీళ్ళ డైరీ

2025 జనవరి 5, ఆదివారం

గొట్టం మళ్ళీ కారింది.

మీటరు పొడవు అక్రిలిక్ గొట్టం. అడుగున తెలుపు, నలుపు పావులుగా రంగేసిన బిళ్ళ. ఎంసీల్ పెట్టి అతికించి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున బాత్‌రూంలో నిలబెట్టి నీళ్ళు పోశాను. పది నిమిషాలకి కాలి మీద చుక్క పడింది. ఇది మూడోసారి. చివరికి పైపుల షాపు కుర్రాడు రబ్బరు వాషరు వేసి బిగించే మూత ఒకటి ఇచ్చాడు. అరవై రూపాయలు. ఇప్పుడు చుక్క కారడం లేదు. ఇంతకుముందు నెల రోజులు పడిన పాట్లు ఆ కుర్రాడికి చెప్పలేదు.

ఈ గొట్టంతో నీటి తేట కొలుస్తాం. నది నీళ్ళు నిండా పోసి, పై నుంచి చూస్తూ, అడుగున బిళ్ళ కనపడేదాకా కొంచెం కొంచెంగా వదలాలి. కనపడగానే ఆపి ఎన్ని సెంటీమీటర్ల నీళ్ళున్నాయో రాసుకోవాలి. అంతే. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

ఇదంతా ఎందుకంటే, పోయిన సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా అక్క వాళ్ళింట్లో నడుం లోతు నీళ్ళు నిలబడ్డాయి. నీళ్ళు దిగాక మేనకోడలు అడిగింది: "మావయ్యా, మామూలు రోజుల్లో బుడమేరు నీళ్ళు ఎలా ఉంటాయి? ఇప్పుడు పాడయ్యాయంటే దేనితో పోల్చి పాడయ్యాయంటున్నాం?" ఇరవై రెండేళ్ళుగా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుని. నా దగ్గర జవాబు లేదు.

ముగ్గురం. నేను, మేనకోడలు (ఇంటి నుంచి పని చేసే ఉద్యోగం, లెక్కల పట్టీలంటే ప్రాణం), మా వీధి ఆటో బాబాయ్. ఆరు చోట్లు అనుకున్నాం: బ్యారేజీకి ఎగువన పున్నమి ఘాట్, అవతలి ఒడ్డున సీతానగరం, ఊళ్ళో ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ, చివరగా బుడమేరు వంతెన.

జనవరి 12

రేపు భోగి. ఇంట్లో అరిసెల పాకం, నేనూ మేనకోడలూ ల్యాప్‌టాప్ ముందు. మా అక్క విసుక్కుంది.

ప్రపంచంలో నదుల లెక్కలు ఎవరు దాచిపెడతారో వెతికాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కింద జెమ్స్ వాటర్ అని ఒకటి 1978 నుంచి నడుస్తోంది. దేశాలు పంపిన నదుల, చెరువుల, భూగర్భజలాల కొలతలు జెమ్‌స్టాట్ అనే డేటాబేసులోకి చేరతాయి. అది ముందు కెనడాలో ఉండేది. 2014 నుంచి జర్మనీలోని కోబ్లెంజ్‌లో ఉంది. శిక్షణ సంగతులు ఐర్లండ్‌లో కార్క్ యూనివర్సిటీ వాళ్ళు చూస్తారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదుల నీళ్ళు పద్ధతిగా పరీక్షించడం మొదలుపెట్టింది కూడా ఈ కార్యక్రమం కిందే, ఆ రోజుల్లోనే. కోబ్లెంజ్ దగ్గర రైన్ నదిలో మోసెల్ కలుస్తుందట. మనకి ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం ఉన్నట్టు. కాకపోతే వాళ్ళ నదుల్ని దేవుడు కలిపాడు, మనవాటిని పట్టిసీమ పంపులు కలిపాయి.

మాలాంటివాళ్ళు అక్కడికి నేరుగా పంపడానికి లేదు. ప్రభుత్వాలు నియమించిన ప్రతినిధుల ద్వారానే వెళ్ళాలి. అయినా వాళ్ళ పద్ధతి మనకి పనికొస్తుంది. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 6.3.2 అని ఒక సూచిక ఉంది, ఏ దేశంలో ఎన్ని జలవనరులు బాగున్నాయో చెప్పేది. దానికి నదుల్లో కొలిచేవి ఐదే: కరిగిన ఆక్సిజన్, విద్యుత్ వాహకత (నీళ్ళలో ఉప్పులు ఎంత కరిగాయో చెప్పేది), నత్రజని, భాస్వరం, పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పేది). పెట్టుకున్న హద్దులకి నూటికి 80 కొలతలు లోబడి ఉంటే ఆ నీళ్ళు బాగున్నట్టు లెక్క.

ఐదంటే మన చేతిలో పనే అనిపించింది. నత్రజని మొత్తం, భాస్వరం మొత్తం కొలిచే శక్తి మాకు లేదు. రంగు చూసి చెప్పే కిట్లతో నైట్రేటు, ఫాస్ఫేటు మాత్రం చూస్తాం. ఈ తేడా ఫైలు మొదట్లోనే రాయాలని మేనకోడలు పట్టుబట్టింది. ఇంకా ఒక్క చుక్క నీళ్ళు తీయలేదు, అప్పుడే రాతకోతలేంటే అన్నాను.

జనవరి 19

వన్‌టౌన్‌లో కెమికల్స్ షాపు. పీహెచ్ మీటరుని సరిచేసే బఫర్ బిళ్ళలు 4, 7, 9.2 మూడు రకాలూ తెచ్చాను. ఒక్కో బిళ్ళని 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరగబెట్టాలి. డిస్టిల్డ్ వాటర్ కోసం బ్యాటరీ షాపుకి వెళ్ళాను. సీసా మీద లేబులు బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చి వాహకత చూస్తే 38 మైక్రోసీమెన్స్. అసలైన డిస్టిల్డ్ వాటర్‌కి రెండు మూడు దాటకూడదు. ఎవరింటి ఆర్వో నీళ్ళో సీసాలో పోసి అమ్ముతున్నారు. ఆ నీళ్ళతో బఫరు కలిపితే పెద్ద తేడా రాకపోవచ్చు గానీ, నైట్రేటు కిట్‌కి శూన్యం చూడ్డానికి వాడితే మాత్రం కొంప మునిగేది. మా కాలేజీ ల్యాబులో నేనే కాచే నీళ్ళు రెండు లీటర్లు తెచ్చుకున్నాను. వాటికి 2.1.

ఫిబ్రవరి 2

మొదటి రౌండు. తెల్లవారుజామున ఐదున్నరకి ఆటో. వెనక సీట్లో ఐస్‌బాక్సు, తాడు, బొక్కెన, గొట్టం, సీసాల పెట్టె.

ఒడ్డున నిలబడి చెయ్యి ముంచి నీళ్ళు తీయకూడదు. ఒడ్డు నీళ్ళు వేరు, పారే నీళ్ళు వేరు. వంతెన మధ్య నుంచి బొక్కెన దించి, ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, నాలుగోసారి తీసిందే నమూనా. లేబులు సీసా నింపకముందే రాయాలి. తడిసిన సీసా మీద పెన్ను పడదని ముప్ఫై ఏళ్ళ కింద మా మాస్టారు చెప్పారు. ఇవాళ కూడా ఒకటి తడి మీద రాయబోయాను.

డీవో, అంటే కరిగిన ఆక్సిజన్, కొలవడానికి నాకు మీటరు మీద నమ్మకం లేదు, వింక్లర్ పద్ధతే. 300 మి.లీ. సీసాలో గాలి బుడగ చేరకుండా నీళ్ళు నింపి, మాంగనీస్ సల్ఫేటు 2 మి.లీ., ఆల్కలీ అయోడైడ్ అజైడ్ 2 మి.లీ., పిపెట్టు మొన నీళ్ళ అడుగున పెట్టి వదలాలి. మూత బిగించి తిరగేసి తిరగేసి కలిపితే గోధుమరంగు గసి దిగుతుంది, డికాషన్ విరిగినట్టు. ఎంత గోధుమగా ఉంటే అంత ఆక్సిజన్ ఉన్నట్టు. నీళ్ళలో ఆక్సిజన్ అసలే లేకపోతే గసి తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు ఒక్కసారి చూస్తే మళ్ళీ మర్చిపోలేం. ఇవాళ ఆరు చోట్లలో ఒకచోట చూశాను. పేరు రాయను. ఒక్క పొద్దుటి కొలతతో ఒక కాలువ మీద తీర్పు చెప్పకూడదు.

ఆ తర్వాత ఆమ్లం 2 మి.లీ. పోస్తే గసి కరిగి నీళ్ళు తేనె రంగుకి వస్తాయి. ల్యాబుకి తెచ్చి 203 మి.లీ. తీసుకుని, స్టార్చ్ చుక్కలేసి, నీలం పోయేదాకా థయోసల్ఫేటు దించడమే. 200 కాకుండా 203 ఎందుకని మేనకోడలు అడిగింది. మొదట రెండు మందులు పోసినప్పుడు సీసాలోంచి 4 మి.లీ. నది నీళ్ళు పొర్లిపోతాయి, ఆ నష్టం పూడ్చడానికి ఆ మూడు. 0.025 నార్మల్ థయో ఎన్ని మి.లీ. దిగితే లీటరుకి అన్ని మి.గ్రా. ఆక్సిజన్. ఇంత అందమైన లెక్క కెమిస్ట్రీలో ఇంకోటి లేదు, నా ఉద్దేశంలో.

బందరు కాలువ వంతెన మీద ఒకాయన స్కూటరాపి, "ఏంటండీ నీళ్ళల్లో ఏదో పోస్తున్నారు?" అని గద్దించాడు. పోయట్లేదండీ, తీస్తున్నాం అన్నాను. చేతిలో సీసాలో గోధుమరంగు చూసి అస్సలు నమ్మలేదు. బాబాయే సర్దిచెప్పాడు: "మా సారు నీళ్ళకి బీపీ చూస్తున్నారండీ." స్కూటరు వెళ్ళిపోయింది. వాడిన మందుల నీళ్ళన్నీ వేరే క్యానులో పట్టి ల్యాబుకే తెస్తాం, కాలువలో చుక్క కూడా పొయ్యం.

ఫిబ్రవరి 16

మూడు ఆదివారాల లెక్కలు పట్టీకెక్కాయి. ఈ పట్టీ బయటివాళ్ళకి పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? మా ల్యాబులో ఒకప్పుడు టెస్ట్‌ట్యూబులు పగలగొట్టిన కుర్రాడొకడు ఇప్పుడు జర్మనీలో నీళ్ళ శాస్త్రం చదువుతున్నాడు. వాడికి పంపాను. షరతు ఒక్కటే: "నువ్వు బెజవాడ ఎప్పుడూ చూడలేదనుకో. మమ్మల్ని అడక్కుండా ఈ ఫైలు ఎంత అర్థమవుతుందో చూడు. అడగాల్సి వచ్చిన ప్రతి ప్రశ్నా రాసి పంపు."

రాత్రికి జవాబొచ్చింది. ఇరవై మూడు ప్రశ్నలు.

మొదటిది చదివి మేనకోడలు కిందపడి నవ్వింది. "సార్, మీ బందరు కాలువ ఉత్తర ధ్రువం దగ్గర సముద్రంలో ఉందేంటి?" అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. బెజవాడ ఉండేది 16.5 ఉత్తరం, 80.6 తూర్పు. తిరగేస్తే 80.6 ఉత్తరం, 16.5 తూర్పు, అంటే నార్వే పైన స్వాల్‌బార్డ్ దీవులు కూడా దాటి మంచు సముద్రం. అంతా మంచే, అక్కడ గుర్రపుడెక్క సమస్య ఉండదు.

రెండోది నవ్వే ప్రశ్న కాదు. "నైట్రేటు 2 అని రాశారు. నైట్రేటుగానా, నత్రజనిగానా?" అంటే నైట్రేటు మొత్తం బరువా, అందులోని నత్రజని బరువు ఒక్కటేనా అని. కిట్ కార్డు మీద నత్రజని లెక్కలో ఉంది. నేను పట్టీలో ఉత్త 'నైట్రేట్' అని రాశాను. పైగా మన తాగునీటి ప్రమాణం, లీటరుకి 45 మి.గ్రా. తో పోల్చి, ఎంత తక్కువో అని సంతోషించాను. ఆ 45 నైట్రేటు లెక్క. నత్రజని లెక్కలో అదే 10 చిల్లర. అంటే మా 2 ని 4.43 తో హెచ్చవేస్తే దాదాపు 9. ఇప్పటికీ హద్దులోపలే ఉంది, అది వేరే సంగతి. కానీ నా తప్పు నాలుగున్నర రెట్ల తప్పు. ఫాస్ఫేటుదీ ఇదే కథ, అక్కడ మూడు రెట్లు. ఇన్నేళ్ళుగా పిల్లలకి యూనిట్లు రాయలేదని మార్కులు తగ్గించినవాణ్ణి. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మూడోది: "బుడమేరు, ఫిబ్రవరి 9, నైట్రేటు విలువ '01-ఫిబ్రవరి'. ఇది ఏ యూనిటు సార్?" కిట్‌లో రంగు ఒక అంకె చూపించదు, ఒకటి నుంచి రెండు మధ్య అని చూపిస్తుంది. మేనకోడలు 1-2 అని కొట్టింది. ఎక్సెల్ దాన్ని తేదీ చేసేసింది. అమెరికా పద్ధతి కంప్యూటరయితే అదే జనవరి 2 అయ్యేది. ఇకనుంచి కింది హద్దు ఒక గడి, పై హద్దు ఒక గడి. 0.2 కంటే తక్కువగా ఉంటే సున్నా వేయం, 'తక్కువ' అని గుర్తు ఒక గడిలో, 0.2 ఇంకో గడిలో. కిట్‌కి అందనంత తక్కువ వేరు, లేకపోవడం వేరు.

నాలుగోది టీడీఎస్ గురించి, అంటే నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం. మొదటి వారం ఆర్వో షాపతని పెన్ను అరువు తెచ్చి కొలిచాం. 290 చూపించింది. వాడి ప్రశ్న: "ఆ పెన్ను ఏ గుణకం వాడుతుంది?" పెన్ను లవణాల్ని తూచదు. వాహకత కొలిచి, లోపలున్న గుణకంతో హెచ్చవేసి టీడీఎస్ అని చూపిస్తుంది. కొన్ని కంపెనీలు 0.5 వాడతాయి, కొన్ని 0.7. 290 అంటే వాహకత 580 కావొచ్చు, 414 కావొచ్చు. పెన్ను మీద ఏమీ రాసిలేదు. ఆ వారం అంకెలు కొట్టేశాం. ఇప్పుడు వాహకత మీటరే కొన్నాం. ప్రతి ఆదివారం బయల్దేరే ముందు, వాహకత 1413 మైక్రోసీమెన్స్ అని ముందే తెలిసిన ద్రావణంలో ముంచి, ఎంత చూపించిందో అది కూడా పట్టీలో రాస్తున్నాం. అది 25 డిగ్రీల లెక్క. డిగ్రీకి సుమారు రెండు శాతం తేడా వస్తుంది కాబట్టి, మే నెల కాలువ నీళ్ళని సరిచేయకుండా రాస్తే జనవరి నీళ్ళతో పోల్చడం దండగ.

మిగతా పందొమ్మిదీ ఇలాంటివే. 'కుడి ఒడ్డు' అంటే ఎటు తిరిగి నిలబడితే కుడి? (ప్రవాహం పోయే వైపు ముఖం పెట్టాలి. ఆ లెక్కన బెజవాడ ఎడమ ఒడ్డు, సీతానగరం కుడి ఒడ్డు.) రైవస్ అనే పేరు ఇంగ్లీషులో మూడు రకాలుగా ఎందుకు రాశారు? తేట ఎంత పొడవు గొట్టంతో చూశారు? దీనికి మాత్రం ఛాతీ విరుచుకుని జవాబు రాశాను.

ఫిబ్రవరి 27

శివరాత్రి అయిపోయింది. స్నానాలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పున్నమి ఘాట్ దగ్గర తీద్దామనుకున్నాం. 25న తెల్లవారుజామున 5:15కి ఒకటి, ఇవాళ అదే వేళకి ఒకటి. ఇవాళ చలి తగ్గింది. ఘాట్ మీద బంతిపూలు, తడి బట్టలు, అరటిపళ్ళ తొక్కలు. తేట గొట్టంలో తేడా కళ్ళకే కనపడింది, 61 నుంచి 44 సెంటీమీటర్లకి.

సాయంత్రం జర్మనీ నుంచి ఫోన్. "సార్, మీరు అర్ధరాత్రి పూట నదికి ఎందుకెళ్తున్నారు?"

అర్ధరాత్రేంట్రా అన్నాను. ఫోన్లో మేం నింపే ఫారం టైముని గ్రీన్విచ్ లెక్కలో దాస్తోందట. పొద్దున 6:10 అంటే పట్టీలో 00:40. ఇవాళ 5:15కి తీసింది అయితే ఏకంగా నిన్నటి తేదీకి, 26వ తేదీ రాత్రి 11:45కి వెళ్ళి కూర్చుంది. స్నానాల తర్వాత తీసిన నమూనా స్నానాల రోజు నమూనా అయిపోయింది!

టైముదేముందిలే అని ఎవరైనా అంటే ఒప్పుకోను. డీవోకి టైమే ప్రాణం. మొన్న శనివారం ఒకేచోట, నాచు పట్టిన నిలవ నీళ్ళల్లో, తెల్లవారుజామున, మధ్యాహ్నం మూడింటికి రెండుసార్లు కొలిచాను. పొద్దున లీటరుకి 3.1 మి.గ్రా., మధ్యాహ్నం 9.8. నీళ్ళు 29 డిగ్రీలున్నాయి. ఆ వేడిలో గాలి నుంచి నీళ్ళు పట్టగలిగేది 7.7 దాకానే. మిగతా రెండూ ఎండలో నాచు వదిలిన ఆక్సిజన్. రాత్రయ్యేసరికి అదే నాచు తిరిగి పీల్చేస్తుంది. చేపలు చచ్చేది తెల్లవారుజామునే. మధ్యాహ్నం మాత్రమే కొలిచేవాడికి ఆ నీళ్ళు అమృతంలా కనపడతాయి. అలాంటిది టైము ఐదున్నర గంటలు జరిగితే ఏ దేశంవాడైనా ఏం అర్థం చేసుకుంటాడు?

ఇకనుంచి ప్రతి టైము పక్కనా +05:30 అని రాస్తున్నాం. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు.

మార్చి 9

రెండో విడత. పదకొండు ప్రశ్నలు.

ఇవాళ రాయాల్సింది వాటి గురించి కాదు. కాలేజీ స్టోరు రూములో పాత రిజిస్టరు దొరికింది. 2009లో పిల్లల ప్రాజెక్టు, ఏలూరు కాలువ, పన్నెండు నెలల బీవోడీ (నీళ్ళలోని మురికిని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్). ఈ కాలువలో ఒకప్పుడు పడవలు గోదావరి కాలువల దాకా పోయేవి. దాని పదహారేళ్ళ కిందటి అంకెలు చేతిలోకొస్తే ఎంత సంబరం! వెంటనే ఫొటోలు తీసి జర్మనీకి పంపాను.

"మూడు రోజులా, ఐదు రోజులా సార్?"

బీవోడీకి బయటి దేశాల్లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులుంచుతారు. మన వేడికి తగ్గట్టు భారతీయ ప్రమాణం 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు. రెండూ బీవోడీలే, రెండిటికీ యూనిటు ఒకటే, అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రిజిస్టరులో ఎన్ని రోజులో లేదు, ఎన్ని డిగ్రీలో లేదు. ఎవరు రాశారో చూద్దామని చివరి పేజీ తిప్పాను. నా చేతిరాతే. నా సంతకమే.

అరగంట ఆలోచించాను. అప్పుడు ఇంక్యుబేటరు బయాలజీ వాళ్ళతో పంచుకునేవాళ్ళం, వాళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర పెడితే అక్కడే మనమూ... ఏమో. గుర్తు రాలేదు. పన్నెండు అంకెలూ పక్కన పెట్టేశాం. మేనకోడలు ఏమీ అనలేదు. అంటేనే నయంగా ఉండేది.

మార్చి 22

ప్రపంచ నీటి దినం. కాలేజీలో మాట్లాడమన్నారు. పోస్టర్లు, ప్రతిజ్ఞ, ప్లాస్టిక్ సీసాలో మంచినీళ్ళు. వింక్లర్ చేసి చూపించాను, అది మాత్రం పిల్లలు గుడ్లప్పగించి చూశారు. నీలం పోయేటప్పుడు చప్పట్లు కొట్టారు.

మార్చి 30

ఉగాది. నమూనా తీయలేదు. పట్టీలో ఈ వారం గడులన్నీ ఖాళీ.

ఏప్రిల్ 13

మూడో విడత, నాలుగు ప్రశ్నలు. ఇక అందరికీ తెరిచి పెట్టొచ్చు అన్నాడు జర్మనీ కుర్రాడు. జెనోడో అని, యూరప్ అణు పరిశోధన కేంద్రం సెర్న్ వాళ్ళు నడిపే డేటా గోదాము ఉంది. ఎవరి డేటా అయినా ఉచితంగా దాస్తుంది, శాశ్వతమైన గుర్తింపు సంఖ్య ఇస్తుంది. మా పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు పెట్టుకున్నాం. అంకెలు ఒక ఫైలు. ఆ అంకెల పుట్టుపూర్వోత్తరాలు ఇంకో ఫైలు. అంకెల ఫైలు రెండు పేజీలకి రాదు, దీనికి తొమ్మిది పేజీలైంది.

బటన్ నొక్కేముందు ఆటో బాబాయ్ అడ్డం పడ్డాడు. "సారూ, మన మురికి మనమే లోకానికి చాటుకోవడమేంటి? కృష్ణమ్మ గురించి జర్మనీవాడికి ఎందుకు చెప్పాలి?"

కోపంగా అడగలేదు, బాధగా అడిగాడు. బాబాయ్ పుట్టింది కృష్ణలంకలో. చిన్నప్పుడు ఈ నీళ్ళే దోసిలితో తాగాడు.

మేనకోడలు ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. 2020లో 6.3.2 సూచిక కోసం 89 దేశాలు 75,000 పైగా జలవనరుల లెక్కలు పంపాయి. అందులో అతి పేద ఇరవై దేశాలన్నీ కలిసి పంపినవి వెయ్యికి కాస్త పైన. "తాతయ్యా, లెక్క పంపనివాళ్ళ నీళ్ళు బాగున్నాయని కాదుగా. వాళ్ళ నీళ్ళ గురించి ఎవరికీ తెలీదు, అంతే. మూడొందల కోట్ల మంది తాగే, వాడే నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్పడానికి సరైన లెక్కల్లేవని ఐక్యరాజ్యసమితి వాళ్ళే రాశారు చూడు."

బాబాయ్ కాసేపు చూశాడు. "మన పేరు కూడా వేస్తారా?" అన్నాడు.

నమూనాలు తీసినవాళ్ళ జాబితాలో ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ఆయనది మొదట వేశాం. తాడు పట్టేది ఆయనే కదా.

నాకు మాత్రం ఇంకో భయం ఉంది, ఇక్కడ రాసుకుంటున్నాను. ఏ ఆఫీసులో అడిగినా పాత లెక్కలు ఏడాది సగటుగానే ఇస్తారు, అదీ జిరాక్సు కాగితం మీద. సగటులో తెల్లవారుజాము 3.1, మధ్యాహ్నం 9.8 కలిసి 6.45 అవుతాయి. చూడముచ్చటైన అంకె. ఆ నీళ్ళల్లో బతికే చేపకి మాత్రం ఆ అంకె ఎప్పుడూ ఎదురవ్వదు. అందుకే మేం ఒక్కో కొలతా విడివిడిగానే పెట్టాం. ఆ చేసిన పని వల్ల రేపు ఎవరైనా ఒక్క చెడ్డ అంకె పట్టుకుని ఊరిని ఆడిపోసుకుంటే? ఆడిపోసుకోనీ. పక్కనే మంచి అంకెలూ ఉన్నాయి, టైములతో సహా.

మధ్యాహ్నం 12:20కి, +05:30, బటన్ నొక్కాం.

ఏప్రిల్ 27

ముక్కూమొహం తెలియని మనిషి నుంచి మెయిలు. బ్రెజిల్‌లో ఏదో ఊరి నుంచి, అక్కడ కూడా ఊరి మధ్య కాలువలున్నాయట. ఇంగ్లీషు కొంచెం అటూఇటూగా ఉంది, నాదీ అంతే. ఒక్కటే ప్రశ్న: మార్చి 30న ఆరు చోట్లా ఖాళీ, ఏప్రిల్ 20న రైవస్ కాలువ ఒక్కటే ఖాళీ. ఈ రెండు ఖాళీలూ ఒకటేనా?

కాదు. మార్చి 30న మేం వెళ్ళలేదు, పండగ. ఏప్రిల్ 20న వెళ్ళాం, బొక్కెన దించేటప్పుడు సీసాల పెట్టె జారి డీవో సీసా పగిలింది. రెండూ మాకు గుర్తున్నాయి కాబట్టి రాయలేదు.

ఖాళీకి కూడా గడి చేశాం. నాలుగు రకాలు: వెళ్ళలేదు, నమూనా పాడైంది, కొలిచాం గానీ నమ్మకం లేదు, నీళ్ళు లేవు. నాలుగోది ఎందుకంది మేనకోడలు. ఎండాకాలం, కాలువలు కట్టేస్తారుగా అన్నాను.

మే 4

రైవస్ కాలువ వంతెన. 05:48, +05:30. గాలి 29 డిగ్రీలు.

పారే నీళ్ళు లేవు. అడుగున నల్లటి బురద, మధ్యలో రెండు మడుగులు, వాటి చుట్టూ కొంగలు. ఒక చెప్పు, కొబ్బరి బోండాలు, పగిలిన వినాయకుడి చెయ్యి ఒకటి. బాబాయ్ అలవాటుగా తాడు విప్పి బొక్కెన సగం దాకా దించి, ఆగి నా వైపు చూశాడు. పైకి లాగేయమన్నాను.

మడుగులో నీళ్ళు తీయొచ్చా అని మేనకోడలు అడిగింది. వద్దు, అది కాలువ నీరు కాదు అన్నాను. ఫొటో తీసింది. ఫారంలో ఐదు గడులూ వదిలేసి, ఆరోదాంట్లో నాలుగో రకం నొక్కింది.

తర్వాతది బుడమేరు. అక్కడ నీళ్ళున్నాయి.